ముక్కలు ఎన్ని తీశారు? ఎక్కడ తీశారు?

జీర్ణాశయంలోని ఆమ్లం ఏళ్ళ తరబడి పైకి ఎగదన్నుతుంటే, కొందరిలో అన్నవాహిక అడుగుభాగపు లోపలి పొర పేగు పొరలా మారిపోతుంది. 1950లో దీనిపై వ్యాసం రాసిన నార్మన్ బారెట్ పేరే ఈ స్థితికి వచ్చింది. ఇది కాన్సర్ కాదు. కాని కొద్దిమందిలో కాన్సర్‌కు దారితీస్తుంది.

మారిన పొరను రేడియో తరంగాల వేడితో కాల్చివేస్తే మామూలు పొర పెరుగుతుంది. అయినా జబ్బు కొందరిలో తిరగబెడుతుంది. అందుకే ఎండోస్కోపుతో చూస్తూ చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు.

చికిత్సకు ముందు వాడే సియాటిల్ పద్ధతిలో ప్రతి 1-2 సెంటీమీటర్లకు నాలుగు వైపుల నుంచీ ముక్కలు తీస్తారు. మారిన భాగం పొడవు 10 సెంటీమీటర్లయితే ఎన్నవుతాయో లెక్కవేయండి: 20 నుంచి 40! కొత్త పొర కింద పాత గ్రంథులు దాగి ఉంటాయన్న భయంతో చికిత్స తరువాత కూడా ఈ పద్ధతినే కొనసాగించారు. భయం సబబే. కాని తిరగబెట్టిన జబ్బు ఎక్కువగా కనిపించింది అన్నవాహిక జీర్ణాశయాన్ని కలిసే చోట, దానికి పైన 2 సెంటీమీటర్లలోపు. అంతకు పైన కంటికి మామూలుగా కనిపించే పొర నుంచి తీసిన ముక్కల్లో దొరికింది చాలా తక్కువ.

ముందటి ప్రశ్నకు సరిపోయిన నియమాన్ని తరువాతి ప్రశ్నకూ యథాతథంగా వాడడమే ఇక్కడి లోపం. పైన ముక్కల లెక్క పూర్తి చేసే హడావుడిలో కలిసే చోటును సరిగా చూడకపోతే నష్టపోయేది రోగి. మీరు కూడా ప్రయోగానికి నమూనాలు తీసేటప్పుడు, ఎన్ని అనే ముందు ఎక్కడ అని అడగండి.