బొమ్మలో ‘అంట’ ఎక్కడ?
(మార్గళి రాత్రుల్లో ఒక చందమామ సంపుటం)

మేలూరు వైపు చలికాలమంటే మార్గళి నెలా, తై నెల మొదటి రోజులూ. గోదావరి తీరం వాళ్లు దీన్ని చలి అంటే నవ్వుతారు. అయినా వానలు వెనకబట్టి, పెరియార్ కాలువ కింద వరి ఈనే ఈ రోజుల్లో పొద్దు త్వరగా గుంకుతుంది. దుప్పటి కప్పుకొని లావుపాటి పుస్తకం ఒళ్లో పెట్టుకోవటానికి ఆ మాత్రం చలి చాలు. ఈ ఏడు నేను ఇష్టంగా చదువుకొన్నది 1960ల నాటి పన్నెండు చందమామ సంచికలను కలిపి అట్ట కట్టించిన సంపుటం. పత్రికను గ్రంథంగా పరిగణించవచ్చునా అని ఆక్షేపించేవారు ఉంటారు. కాని తెలుగులో బొమ్మలున్న అద్భుత కథల సంకలనం ఏది అని వెతికితే, ఇళ్లల్లో ఇలా కుట్టించి దాచుకొన్న సంపుటాలే ముందుగా చేతికి తగులుతాయి.

చందమామ 1947లో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల పూనికతో పుట్టిందనీ, తమిళంలో దాని పేరు అంబులిమామ అనీ, 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు కొడవటిగంటి కుటుంబరావు గారు దాని వచనాన్ని తీర్చారనీ పాఠకులకు తెలిసినదే. 2013 ప్రాంతంలో అది ఆగిపోయింది. వచనం గురించి చాలామంది రాశారు. బొమ్మలను మాత్రం ‘అందమైనవి’ అని ఒక్క మాటతో సరిపెట్టారు.

ఇంగ్లండులో ఒకప్పుడు చలికాలపు కానుకలుగా బొమ్మల కథల పుస్తకాలు వచ్చేవి. ఎడ్మండ్ డ్యూలాక్ బొమ్మలతో అరేబియన్ నైట్స్ కథలు (1907), ఆర్థర్ రాకమ్ బొమ్మలతో గ్రిమ్ సోదరుల కథలు (1909) అలాంటివే. వాటిలో రంగుల బొమ్మ వేరే దళసరి కాగితం మీద ఉంటుంది. చదవటం ఆపి దాన్ని చూడాలి. చందమామలో బొమ్మ కథ పక్కనే నిలబడుతుంది. కన్ను అక్షరం మీది నుంచి బొమ్మ మీదికీ, మళ్లీ అక్షరం మీదికీ ఆగకుండా జారుతుంది. నా దృష్టిలో ఇదే మెరుగైన పద్ధతి.

మన ప్రాంతానికి ఇందులో మరొక విశేషం ఉంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలకు మాట తెలుగు, అక్షరం తమిళం. చందమామలోని బొమ్మలే అంబులిమామలోనూ ఉండేవి. కనుక అవ్వకు తెలుగులో చెప్పవలసిన కథను మనవడు తమిళంలో చదువుకొనేవాడు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది బొమ్మ ఒక్కటే.

అవ్వ చెప్పే కథకూ అచ్చయిన కథకూ తేడా ఒక చిన్న ముక్కలో ఉంది. ఇంట్లో మనం ‘ఒక ఊళ్లో ఒక రాజు ఉన్నాడంట’ అంటాం. పక్కింటి తమిళ పాటి కూడా ‘ఇరుందానాం’ అంటుంది. తెలుగు ‘అట’, ‘అంట’. తమిళ ‘ఆం’: మూడింటి పనీ ఒకటే. నేను చూడలేదు, విన్నదే చెబుతున్నాను అని చెప్పేవాడు వాక్యవాక్యానికీ పూచీ తప్పించుకోవటం. పాణిని ‘పరోక్షే లిట్’ అని దీనికి సంస్కృతంలో ఒక క్రియారూపమే కేటాయించాడు. చందమామ వచనం ఈ ‘అట’ను దాదాపుగా వదిలేసింది. రాజు ఉండేవాడు, అంతే. పన్నెండుకు పైగా భాషల్లోకి వెళ్లవలసిన కథకు అది సౌకర్యం కావచ్చు. బొమ్మ ఆ నిశ్చయాన్ని ఇంకా బిగిస్తుంది. గీసిన రాజు ‘ఉన్నాడంట’ కాడు. మీసంతో, కత్తితో ఉండనే ఉన్నాడు.

అయితే శంకర్ గారి బేతాళ కథల శీర్షిక బొమ్మ దీనికి మినహాయింపు అని నాకు తోస్తుంది. భుజం మీద శవం, చేతిలో దూసిన కత్తి, చుట్టూ శ్మశానం. నెలనెలా కథ మారినా ఆ బొమ్మ మారదు. మూలంలోని పాతిక కథలు ఎప్పుడో అయిపోయి, కొత్తవి వందల కొద్దీ వచ్చినా అదే బొమ్మ. సంపుటంలో పన్నెండుసార్లు వరుసగా ఎదురయ్యేసరికి అది బొమ్మగా కనిపించటం మానేస్తుంది. ‘అనగనగా’ అన్న మాటలాగా, ఇక్కడినుంచి విన్న కథ అని హెచ్చరిస్తుంది. వచనం వదిలేసిన ‘అంట’ను చిత్రకారుడు ఈ విధంగా తిరిగి తెచ్చాడు. నెలకొక సంచిక చదివినప్పుడు ఈ సంగతి పట్టుబడదు.

శంకర్ గారు (1924–2020) ధారాపురం ప్రాంతపు తమిళులు. ఆ పక్క పల్లెల్లోనూ మన వాళ్లున్నారు. ఆయన రాజప్రాసాదాల్లోని బరువైన స్తంభాలు చూస్తే 30 కిలోమీటర్ల దూరంలోని మదురై మండపాలు నాకు గుర్తుకు వస్తాయి. చిత్ర గారి రాక్షసులు చూడముచ్చటగా ఉంటారు, కాని భయపెట్టరు. ఆడవాళ్ల ముఖాలు మాత్రం ఎవరి బొమ్మల్లోనైనా ఒకే అచ్చు. రాణికీ రైతు భార్యకూ తేడా నగలే. పల్లె కూడా అంతే. అది ఏ సీమ పల్లె అని అడిగితే జవాబు లేదు. ఏ భాషవాడికైనా తన ఊరే అనిపించాలన్న జాగ్రత్త వల్ల అది ఎవరి ఊరూ కాకుండా పోయింది.

ఇక్కడే మన నష్టం. మనకు దక్షిణాన, కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ గారు (1923–2021) ‘గోపల్ల గ్రామం’లో మన వాళ్ల వలసను ముదుసలి మంగత్తాయారు నోట చెప్పించారు. ఆ కథ అచ్చులోకి వచ్చింది తమిళంలో. బొమ్మల తెలుగు పుస్తకం వచ్చింది కృష్ణాతీరపు తెలుగులో. మేలూరు అవ్వ తెలుగుకు ఈ రెంటిలోనూ చోటు లేదు. ఆ మాటలు తెలిసినవారు ఏటేటా తగ్గుతున్నారు. కథలను ధ్వనిముద్రణ చేసి భద్రపరిస్తే మా వంటి భాషావేత్తలకు చాలును గాని పిల్లలకు చాలదు. వాళ్లకు ఒళ్లో పెట్టుకొనే పుస్తకం కావాలి. ‘అంట’లు తీసేయకుండా, ఎడమ పుటలో తెలుగు లిపి, కుడి పుటలో అదే తెలుగు తమిళ లిపిలో, నడుమ బొమ్మ. గీసేవారు ఎవరైనా మొదటి బొమ్మ రాజుది కాకూడదని నా కోరిక. సాగిన చెవితమ్మెలతో, ఆకువక్క రోలు పక్కన పెట్టుకొని కథ చెబుతున్న అవ్వను వేయాలి.