ఎందుకురా అబ్బయా?

కోతలు కోసేవాణ్ణి మన ఊళ్లలో తుపాకి రాముడంటారు. పాత ఖాకీ కోటు తొడుక్కుని, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి పెట్టుకుని, ఇంటింటి ముందూ నిలబడి లేని ఆస్తుల గురించీ గెలవని యుద్ధాల గురించీ గుక్క తిప్పుకోకుండా చెప్పే పిట్టలదొర వేషం ఒకటుండేది. తుపాకి రాముడంటే ఆ వేషగాడే. ఆయన తుపాకి పేలదని చూసే పిల్లలకి కూడా తెలుసు. పేలేవన్నీ మాటలే. తుపాకిని నవ్వులాటగా చూడటం మనకి అంత పాత అలవాటు. స్నేహితుల కబుర్లలో ఆ ప్రస్తావన వస్తే ఇవాళ్టికీ ముందు వచ్చేది నవ్వే. ఈ వారం ఆ నవ్వు గురించి రాయాలనుంది. కబుర్లు చెప్పుకోవడం కూడా ఒక విద్యేనని, ఎక్కడ నవ్వాలో ఎక్కడ ఆగాలో తెలియడమే అందులో ఒడుపని నేను నమ్ముతాను కాబట్టి.

కావలి, అల్లూరు, ముత్తుకూరు, కోట, వాకాడు వైపు కలిసి చదువుకున్న ఏ బ్యాచ్ తీసుకున్నా ఒక వాట్సాప్ గ్రూపుంటుంది. అందులో సగంమంది ఇక్కడే రొయ్యల గుంటల మీదో బడిలోనో బ్యాంకులోనో ఉంటారు. మిగతా సగం డాలస్‌లో, అట్లాంటాలో, న్యూజెర్సీలో. వేసవిలో నెల్లూరులో రాత్రి తొమ్మిదైతే డాలస్‌లో ఉదయం పదిన్నర. ఇక్కడివాళ్లు అన్నం తిని అరుగు మీదికి చేరేటప్పటికి అక్కడివాళ్లు రెండో కాఫీలో ఉంటారు. ఒప్పుకోళ్లు మొదలయ్యేది ఆ వేళప్పుడే. షుగర్ బయటపడిందని ఒకడు, ఇంట్లో చెప్పిన జీతానికీ అసలు జీతానికీ పొంతన లేదని ఇంకొకడు, వైట్‌స్పాట్ తెగులొచ్చి రొయ్యల గుంట మొత్తం పోయిందని మరొకడు. ఏ సంగతీ నేరుగా రాదు. ముందు తన మీద తనే ఒక జోకు వేసుకుంటాడు, దాని వెనకాల అసలు విషయం దాక్కుని వస్తుంది. ఎదుటివాళ్లు నవ్వేస్తే నవ్వులాటగా తీసేయొచ్చు, పట్టించుకుంటే మిగతాది చెప్పొచ్చు. అట్లాంటి ఒక రోజున అటునుంచి ఒక ఫోటో వస్తుంది. వంటింటి బల్ల, కాఫీ కప్పు, పక్కన నల్లటి పిస్తోలు. కింద, "మనమూ ఒకటి తీసుకున్నాం బ్బా." అరనిమిషంలో బొటనవేళ్లు, తొడగొట్టే హీరో స్టిక్కర్లు, గాల్లోకి లేచే సుమోలు. "ఏంది సామీ, ఫ్యాక్షన్ మొదలుపెట్టినావా?" అని ఒకడు. ఆ తర్వాత సంభాషణ అమెరికా రాజ్యాంగం మీదికి మళ్లుతుంది, ఇద్దరు పోట్లాడుకుంటారు, ఒకరు గుడ్ నైట్ చెబుతారు. ఫోటో పెట్టినవాడు మాత్రం మళ్లీ నోరు విప్పడు.

ఈ హడావిడిలో ఎవరూ అడగని మాట ఒకటుంది: ఎందుకురా? తుపాకుల నియంత్రణ అనే పెద్ద మాటని విప్పి చూస్తే లోపల ఉండేది ఈ చిన్న ప్రశ్నే. మన చట్టం నిలబడింది కూడా దీని మీదే. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోకూడదు, 21 ఏళ్లు నిండనివాళ్లకి లైసెన్సు ఇవ్వరు. దరఖాస్తులో ఆయుధం ఏ అవసరానికని అడుగుతారు. ఆత్మరక్షణకా, పంట కాపాడుకోవడానికా, క్రీడకా అన్నది రాయాలి. రాసింది నిజమో కాదో పోలీసులు విచారించి నివేదిక పంపాలి. ఒక మనిషి దగ్గర మూడు ఉండొచ్చన్న పాత లెక్కని 2019 సవరణ రెండుకి తగ్గించింది. పెళ్లి ఊరేగింపులో సరదాకి కాల్చి పక్కవాళ్ల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని కూడా అదే సవరణ చెప్పింది. ఇక ఎన్నికల కోడ్ వచ్చిందంటే, 2024లో వచ్చినట్టు, లైసెన్సుదారుల్లో చాలామంది తుపాకి తీసుకెళ్లి స్టేషన్‌లో అప్పజెప్పి రశీదు తెచ్చుకోవాల్సిందే. ఓట్ల కాలంలో నీకిది ఎందుకని రెండోసారి అడగడమన్నమాట.

అమెరికాలో కథ వేరు. న్యూయార్క్ రాష్ట్రంలో వందేళ్లకు పైగా ఇలాంటి ప్రశ్నే ఉండేది. బయటికి తుపాకి వెంట తీసుకెళ్లాలంటే అందరికీ ఉండే భయం కాకుండా తనకంటూ ప్రత్యేకమైన కారణం ఉందని చూపించాలి. 2022 జూన్ 23న ఆ దేశ సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఆ నిబంధన కొట్టేసింది. నేర చరిత్ర ఉందా అని వెతకొచ్చు గానీ, రాజ్యాంగం ఇచ్చిన హక్కు వాడుకునేవాణ్ణి నీకేం అవసరం వచ్చిందని ప్రభుత్వం నిలదీయకూడదని దాని సారాంశం. ఆ తీర్పు బాగోగులు వాళ్ల రాజ్యాంగ పండితులు తేల్చుకుంటారు. మన పిల్లల విషయంలో మాత్రం ఇంకో వింత ఉంది. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి ఉంచుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం అంటుంది. అంటూనే కొన్ని మినహాయింపులు ఇచ్చింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వాటిలో ఒకటి. నేలపట్టు కొంగల్ని, పులికాట్ రాజహంసల్ని చూస్తూ పెరిగిన కుర్రవాడికి వేట అంటే నేరమని తెలుసు, 1972 వన్యప్రాణి చట్టం వచ్చి అర్ధశతాబ్దం దాటింది. అదే కుర్రవాడు సముద్రం దాటాక తుపాకి కొనడానికి వేటగాడి కాగితమే దారి తెరుస్తుంది. 2024 నవంబర్‌లో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకడు తన పుట్టినరోజు నాడే, స్నేహితులు ఇంట్లో ఉండగానే, కొత్తగా కొన్న వేట తుపాకి శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. అతనికి అది ఎందుకన్న ప్రశ్న తల్లిదండ్రులకి మిగిలిపోయింది.

ఇలా ఎందుకని అడగడానికి గట్టి అభ్యంతరమే ఉంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో, పని ముగించుకుని స్నేహితుడితో బార్‌లో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఆడం ప్యూరింటన్ అనేవాడు కాల్చి చంపాడు. పక్కనున్న స్నేహితుడు గాయపడ్డాడు, అడ్డంపడ్డ ఇయాన్ గ్రిలట్ అనే అమెరికా యువకుడికీ తూటాలు తగిలాయి. శ్రీనివాస్ చేతిలో ఒకటుంటే బతికేవాడు కదా అని అప్పటినుంచీ గ్రూపుల్లో వినపడుతూనే ఉంది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ రాత్రి జరిగింది దగ్గర్నుంచి చూడండి. ప్యూరింటన్ ముందు నోరు పారేసుకున్నాడు, బయటికి పంపేస్తే వెళ్లి తుపాకితో తిరిగొచ్చాడు. అవమానానికీ తూటాకీ మధ్య ఉన్నది కొద్దిసేపే. ఆ కొద్దిసేపట్లో ఆయుధం అందకుండా ఉండాలన్నదే నియంత్రణ కోరేవాళ్ల వాదన. వాడు దొరికిపోయిన తీరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వంద కిలోమీటర్లకు పైగా పారిపోయి, మిస్సోరిలో ఇంకో బార్‌లో కూర్చుని, ఇద్దరు ఇరానియన్లని కాల్చానని అక్కడ పనిచేసే ఆమెతో చెప్పుకున్నాడు. ఆమె దాన్ని తాగుబోతు కోతలుగా కొట్టిపారేయలేదు, పోలీసులకి ఫోన్ చేసింది. వినేవాళ్లు నవ్వేసి ఊరుకోకపోవడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు దొరకదు.

రక్షణకని కొన్న తుపాకి ఎవరి మీదికి తిరుగుతుందో లెక్కలూ చెబుతాయి. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 మందివి ఆత్మహత్యలు. అంటే ప్రతి వందలో 54 మంది చచ్చిపోయింది దొంగ చేతిలోనో ద్వేషం నిండినవాడి చేతిలోనో కాదు. మన తీరానికీ ఆ బాధ తెలియంది కాదు. 2023 జనవరిలో శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి కాపలా ఉన్న ఒక భద్రతాధికారి తన సర్వీసు ఆయుధంతోనే ప్రాణం తీసుకున్నాడు. శిక్షణ, క్రమశిక్షణ, పైఅధికారుల అజమాయిషీ అన్నీ ఉన్నచోట జరిగింది అది. పరాయి దేశంలో ఉద్యోగం ఊడి, వీసా గడువు ముంచుకొస్తూ, ఒంటరిగా ఉన్న మనిషి బల్ల సొరుగులో ఏముందో తెలుసుకోవాల్సిన అవసరం స్నేహితులకి లేదంటారా?

మన 'ఎందుకు' మాత్రం ఏపాటిదని రెండో అభ్యంతరం. ఇది నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే ఇందులో నిజముంది. లైసెన్సుల చట్టం మనకి తెల్లదొరలు పెట్టిపోయింది. 1878 నాటి చట్టం భారతీయుణ్ణి కాగితం అడిగి, యూరోపియన్ని వదిలేసింది. ఆ కడుపుమంటతోనే 1931 కరాచీ కాంగ్రెస్ నియమాలకు లోబడి ఆయుధం ధరించడం పౌరుల హక్కని తీర్మానించింది. 1948 డిసెంబర్‌లో హెచ్.వి. కామత్ దాన్ని రాజ్యాంగంలో చేర్చాలని సవరణ తెచ్చాడు, అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కే మనకి మిగిలింది. ఆ తర్వాతయినా ప్రశ్న అందరికీ ఒకేలా పడిందా అంటే, లేదు. 2016 చివరినాటికి దేశంలో 33 లక్షల పైచిలుకు లైసెన్సులుంటే ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12 లక్షలకు పైన. అక్కడ అంత భయం ఉందనుకోవాలా, తుపాకి పరపతికి గుర్తనుకోవాలా? ఇక లైసెన్సు మాటే ఎత్తని నాటు తుపాకులు ఉండనే ఉన్నాయి. కానీ ఒక ప్రశ్నని సరిగ్గా అడగడం లేదంటే సరిగ్గా అడగమనాలి గానీ, అడగడమే మానేద్దామంటే ఎలా? పౌరుల చేతిలోని తుపాకులు అమెరికాలో వందమందికి 120, మన దగ్గర లైసెన్సు లేనివి కలుపుకున్నా వందకి అయిదు అని 2018లో స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా వేసింది. ఈ తేడా అంతా ఆ కాగితం వల్లే వచ్చిందనను. కాగితానికీ వాటా ఉందంటాను.

కబుర్లతో ఏమవుతుంది, పని లేనివాళ్ల సొద తప్ప అనేవాళ్లుంటారు. నెల్లూరు జిల్లాలో నిలబడి ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. 1990ల మొదట్లో దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిపూట అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం వచ్చింది, తాగుడు కాపురాన్ని ఏం చేస్తుందో చెప్పే పాఠం. చదువు పక్కన పెట్టి ఇది మా ఇంటి సంగతే అని ఒకామె, మా ఇంట్లోనూ ఇంతే అని ఇంకొకామె. అంతదాకా ఎవరికి వారు గుట్టుగా దాచుకున్నది పది మంది నోట విన్నాక గుట్టు కాకుండా పోయింది. ఆ ఊరి రోసమ్మ లాంటివాళ్లు ముందు నిలిచారు, సారా దుకాణం మూయించారు, అది జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబర్‌లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం రెండేళ్లకే సడలిపోయిందన్నదీ నిజమే, అదంతా ఇక్కడ చెప్పను. కానీ మొదలైంది సభలో కాదు, లాంతరు వెలుగులో కూర్చున్న ఆడవాళ్ల మధ్య. ఒకామె చెప్పింది, మిగతావాళ్లు నవ్వలేదు.

అందుకే ఫోటో వచ్చినప్పుడు చర్చ పెట్టుకోవడం కూడా దండగే అంటాను. తుపాకి హక్కునిచ్చే అమెరికా రాజ్యాంగపు రెండో సవరణ గురించి తెనాలి నుంచి టెక్సాస్ దాకా ఎవరు ఎంత వాదించినా ఫోటో పెట్టినవాడి పిస్తోలు బల్ల మీదే ఉంటుంది. ఎందుకురా అని అడిగి ఊరుకుంటే జవాబు వస్తుంది, కాస్త ఆలస్యంగానైనా. ఇంట్లో బంగారం ఉందని దొంగలు మన వాళ్ల ఇళ్లే వెతుక్కుంటూ వస్తున్నారని ఒకడంటాడు. దానికి మందు బ్యాంకు లాకరు. రాత్రిళ్లు పెట్రోలు బంకులో పనికి వెళ్తున్నానని, ఇంట్లో చెప్పలేదని ఇంకొకడు బయటపడతాడు. 2025 అక్టోబర్‌లో టెక్సాస్‌లో అలాంటి బంకులోనే హైదరాబాద్ విద్యార్థి ఒకడు తూటాకి బలయ్యాడు కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. అయినా గల్లాపెట్టె ముందున్న కుర్రవాడు సొరుగులోకి చెయ్యి పెడితే ఎదుటివాడు ఆగుతాడా? వాడికి కావాల్సింది ఆ పని మానేయడానికి ఒక నెల అద్దె డబ్బులు. అది గ్రూపులో పది మంది కలిస్తే అయ్యే పని. ఇంకొకడు ఏమీ చెప్పడు, ఊరికే కొన్నా అంటాడు. ఆ 'ఊరికే' దగ్గర ఇంకాసేపు కూర్చోవాలి. అడిగేది పోలీసులా ఉండకూడదు, తప్పు పట్టే పెద్దాయనలా అసలే ఉండకూడదు. మొదటిసారి నవ్వుతూ అడిగినా ఫరవాలేదు, రెండోసారి గ్రూపులో కాకుండా విడిగా అడగాలి.

ఆమధ్య దాకా న్యూయార్క్ ప్రభుత్వం అడిగేది, ఇప్పుడు అడగకూడదంటున్నారు. మిగిలింది మీరే. రేపు రాత్రి తొమ్మిదింటికి ఆ నల్లటి పిస్తోలు ఫోటో మీ గ్రూపులోకి వస్తే స్టిక్కరు పెట్టకండి. ఫోన్ చేసి, "ఎందుకురా అబ్బయా నీకది?" అని అడగండి. జవాబు చెప్పేదాకా లైన్‌లో ఉండండి.