తీర్పులో ఆమె స్థానం

తీర్పుల్ని కూడా కథల్లా చదవొచ్చు. ఎవరి వేదనకు చోటు దక్కింది, ఎవరిది అంచుల్లోకి జరిగింది అని అడగొచ్చు. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 1989 జులై 7న సోరింగ్ కేసులో ఇచ్చిన తీర్పును నేనలాగే చదివాను.

యెన్స్ సోరింగ్ జర్మన్ యువకుడు. 1985లో అమెరికాలోని వర్జీనియాలో స్నేహితురాలు ఎలిజబెత్ హేసమ్ తల్లిదండ్రుల్ని చంపాడన్నది అతనిపై అభియోగం. మరుసటి ఏడాది ఇద్దరూ ఇంగ్లండులో పట్టుబడ్డారు. అతన్ని అప్పగించమని అమెరికా అడిగింది. వర్జీనియాలో మరణశిక్ష పడినవాళ్లు దాని అమలు కోసం సగటున 6 నుంచి 8 ఏళ్లు ఎదురుచూసేవారు. ఆ నిరీక్షణలో పెరిగే వేదన, జైలు పరిస్థితులు, అతని వయసు, మానసిక స్థితి అన్నీ కలిపి చూసి, పంపడం అమానుషమే అవుతుందని కోర్టు తేల్చింది. హింస జరిగేది వేరే దేశంలోనైనా, తెలిసి అప్పగించిన దేశానిదీ బాధ్యతే అంది. మరణశిక్ష పడే అభియోగం మోపబోమన్న హామీ దొరికాకే 1990లో అతన్ని పంపారు.

భయంతో రోజులు లెక్కపెట్టడం కూడా హింసేనని ఇళ్లలో ఆడవాళ్లు ఎప్పట్నుంచో చెప్తున్నదే. అందుకే ఈ తీర్పు నాకు విలువైనది.

మరి ఎలిజబెత్? 1987 మేలోనే ఆమెను అమెరికాకు అప్పగించారు. నేరం ఒప్పుకుంది. 90 ఏళ్ల శిక్ష పడింది. ఇదంతా తీర్పులో కొద్ది వాక్యాల్లో ముగిసిపోతుంది. ఆమె బలంగా కనిపించేది తీర్పు ఉటంకించిన మానసిక వైద్యుల నివేదికల్లో. ఆమె ప్రభావంలో పడి అతను తన వ్యక్తిత్వాన్నే కోల్పోయాడని వాళ్ల అభిప్రాయం. నేరం జరిగేనాటికి అతనికి 18 ఏళ్లు, ఆమెకు 20. ఆ రెండేళ్ల తేడాలో అతను పసివాడయ్యాడు, ఆమె మాయలాడి అయింది. ఈ పాత్ర మనకు కొత్తదా? మగవాడి మీద జాలి పుట్టించడానికి పురాణాల నుంచి సినిమాల దాకా వాడుతున్నదే కదా!

నేరం ఎంత ఘోరమైనదైనా, చిత్రహింసల నిషేధానికి మినహాయింపు లేదని ఇదే తీర్పు అంటుంది. అలాంటప్పుడు ఆ రక్షణ పొందడానికి జాలికథ అవసరం ఉండకూడదు. అవసరమైతే, జాలి పుట్టించలేని మనిషి గతేమిటి? రేపు అప్పగింతను ఎదిరించే స్త్రీ తాను అమాయకురాలినని, ఎవరి చేతిలోనో కీలుబొమ్మనని నిరూపించుకోవాలా? ఈ తీర్పు ఇచ్చిన సూత్రాన్ని మనం నిలబెట్టుకోవాలి. దానికి అంటుకుని వచ్చిన కథను మాత్రం వదిలించుకోవాలి.