పట్టాలే దూలాలైన ఇళ్ళు

పేట్ బషీరాబాద్‌కి దగ్గర్లోనే బొల్లారం, గుండ్లపోచంపల్లి, మేడ్చల్ మీదుగా సాగే రైలు దారి ఉంది. హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో 1899–1901 మధ్య మన్మాడ్ వైపు మీటరుగేజిలో తెరిచిన లైను అది. పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మెన్, గేటు కాసేవాళ్ళు రాత్రీపగలూ లైను పక్కనే ఉండాలి. అందుకని రైలు దారి ఎక్కడ వేసినా వాళ్ళకి ఇళ్ళూ కట్టాల్సి వచ్చేది. పాత స్టేషన్లకి ఫొటోలు తీసేవాళ్ళున్నారు గానీ ఈ చిన్న ఇళ్ళ వంక చూసేవాళ్ళు తక్కువ. ఆనాటి రైల్వే పనితనం తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది వీటినే అంటాను.

కప్పు దగ్గరే మొదలుపెడదాం. అరిగిన పట్టా బండికి పనికిరాదు, ఇంటికి దూలంగా పనికొస్తుంది. గోడ నుంచి గోడకి కొద్ది ఎడంగా పట్టాలు పరుస్తారు. పట్టా అడుగుభాగం వెడల్పుగా ఉంటుంది కదా, ఆ అంచు మీద ఇటుకని ఆనించి పక్క పట్టా దాకా చిన్న వంపుతో ఆర్చి తిప్పుతారు. కింద చెక్క అచ్చు పెట్టి కట్టి, సున్నం బిగుసుకున్నాక దాన్ని ముందుకి జరుపుతారు. ఒక్కో ఆర్చీ పక్కదాన్ని నెడుతుంది, పక్కది తిరిగి నెడుతుంది, మధ్యలో లెక్క సరిపోతుంది. చివరి ఆర్చికి ఆ ఆసరా లేదు. అందుకని అక్కడ పట్టాలని ఇనుప కడ్డీలతో బిగిస్తారు. పైన పల్లాల్లో ఇటుక ముక్కలూ సున్నమూ పోసి, దిమ్మిస కొట్టి చదును చేస్తారు. జాక్ ఆర్చి కప్పంటే ఇదే. పెద్ద దూలాలకి అడవులు నరకనక్కర్లేని పద్ధతి.

గోడలకి రాయి కొదువ లేదు. శామీర్‌పేట, మేడ్చల్ చుట్టూ గ్రానైటు గుట్టలే. అడుగున్నర మందం రాతిగోడ దాటి ఎండ వేడి లోపలికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి బయట చల్లబడుతుంది, కిటికీలు తెరిస్తే చాలు. కప్పు కింద వెంటిలేటర్లలోంచి వేడిగాలి పోతుంది.

రాళ్ళని పట్టి ఉంచేది గానుగ సున్నం. గుండ్రటి కాలవలో సున్నం, ఇసుక పోసి, ఎద్దులు రాతి చక్రాన్ని తిప్పుతుంటే వెన్నలా నలిగేది. కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు కలిపేవాళ్ళు. ఈ సున్నం గాలిని పీల్చుకుంటూ నెలల తరబడి రాయిగా మారుతుంది. గోడ కాస్త కుంగి సన్నటి బీటలు పడినా, తడికి కరిగిన సున్నమే వాటిలో పేరుకుని పూడుస్తుంది.

1893లో లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వచ్చాక మెట్టుగూడ, చిలకలగూడ చుట్టూ రైల్వే క్వార్టర్లు పెరిగాయి. అధికారికి తోట మధ్య బంగళా, కార్మికుడికి వరసలో చిన్న ఇల్లు. ఆ వివక్షని దాచకూడదు. కానీ చిన్న ఇల్లు కట్టిన మేస్త్రీ చేతిపని చిన్నది కాదు. ఇలాంటి ఇళ్ళని నిలుపుకోవచ్చు కూడా. ఇంగ్లండులోని స్విండన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లలో మొదలుపెట్టి కార్మికులకి కట్టిన సుమారు మూడు వందల రాతి ఇళ్ళు 1960లలో కూల్చివేత అంచుకొచ్చాయి. వాటిని నిలబెట్టి బాగుచేశారు, జనం ఇప్పటికీ కాపురముంటున్నారు.

మన దగ్గర పాత కప్పు కారగానే సిమెంటు పూస్తారు. అదే అసలు చేటు. తేమ బయటికి పోలేక పట్టా తుప్పుపడుతుంది, తుప్పుతో ఉబ్బిన ఇనుము ఇటుకని పగలగొడుతుంది. ముందు రావి మొక్కల వేళ్ళు పెకలించాలి, నీరు పోయే దారి సరిచేయాలి. తర్వాత ఊడిన పూత తీసి సున్నమే వేయాలి, పట్టా అడుగున తుప్పు గీకి రంగు కొట్టాలి. ఈ పని తెలిసినవాళ్ళు మనకున్నారు. 2013 నుంచి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు సున్నంతోనే మరమ్మతులు చేయించింది. లైను పక్కన కొత్త పని మొదలెట్టే ముందు పాత క్వార్టర్లని కొలిచి, పటాలు గీయించి, నిలిచేవాటికి ఆ మేస్త్రీలనే పిలవమని దక్షిణ మధ్య రైల్వేని అడగాలి.