పద్యం ఎత్తుకునే ముందు

పద్య నాటకం ఆడబోయే విద్యార్థులకు ప్రదర్శన రోజు హార్మోనియం దగ్గర మొదలవుతుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల నుంచి, దుర్యోధనుడూ అర్జునుడూ యుద్ధంలో సాయం కోరి కృష్ణుడి దగ్గరికి వచ్చే పడక సీను వేస్తున్నారనుకుందాం. కృష్ణుడు, దుర్యోధనుడు, అర్జునుడు, ముగ్గురివీ మూడు రకాల గొంతులు. రిహార్సల్లో హాయిగా పలికిన గొంతు ఈ పొద్దున బిగుసుకుపోయి ఉండొచ్చు. హార్మోనిస్టు ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని షడ్జం పట్టిస్తాడు. అవసరమైతే శ్రుతి ఒక మెట్టు దించుతాడు. నటుడు ఆ రోజు నేర్చుకునే మొదటి పాఠం వినడం. నా దృష్టిలో పద్య నాటక విద్య అంతా ఆ ఒక్క పాఠం మీదే నిలబడి ఉంది.

తర్వాత చూసుకోవలసింది ఊపిరి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పద్యం మొత్తానికి 80. చంపకమాలకైతే 84, శార్దూలానికి 76. ఇదంతా ఒక్క గుక్కలో వచ్చేది కాదు. కొత్తవాళ్లు పాదం చివర ఆగుతారు, లేదా యతి దగ్గర ఆగుతారు. తెలుగు పద్యంలో యతి అంటే అక్షరాల మైత్రి. అక్కడ ఆగి తీరాలన్న నియమం లేదు. ఉత్పలమాలలో పదో అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి కలుపుతుంది గానీ, మాట దాన్ని దాటి సాగిపోతుంది, ఒక్కోసారి పాదాన్ని కూడా దాటుతుంది. అందుకే నేర్పే మాస్టారు అర్థం తెగిన చోట పెన్సిలుతో గీత పెడతారు. ఊపిరి తీసుకోవలసింది ఆ గీత దగ్గరే. ప్రదర్శన రోజు మధ్యాహ్నం రాగం పక్కన పెట్టి, పద్యాన్ని వచనంలా చదివిస్తే ఎంతో మేలు. ఎవరితో మాట్లాడుతున్నాడో, ఏం కోరుతున్నాడో తన చెవికే తెలిశాక కుర్రాడు రాగం అందుకోవాలి.

రాగం తీయడంలో సంయమనం కావాలి. మోహన, కల్యాణి, కానడ, ఏ రాగమైనా పద్యంలోని భావాన్ని మోయాలి. చివరి పాదం తర్వాత ఆలాపన పొడుగు చేస్తే చప్పట్లు పడతాయి, వెనక వరుసల్లోంచి ‘వన్స్‌మోర్’ వినిపిస్తుంది. కానీ ఎదుటి పాత్ర జవాబు కోసం ఎదురుచూస్తోందన్న సంగతి అందరూ మరిచిపోతారు. రాగాల కంటే భావానికి పెద్దపీట వేసిన నటుడు బళ్ళారి రాఘవ ఈ విషయంలో విద్యార్థులకు మంచి దారి చూపారు.

సాయంత్రం గ్రీన్ రూమ్‌లో ముఖానికి రంగు, టోపా (విగ్గు), కిరీటం, భుజకీర్తులు. వీటిని పెట్టుకుని ఒక్క పద్యమైనా పాడి చూసుకోవాలి. టోపా చెవులను కప్పేస్తే హార్మోనియం సరిగా వినపడదు, శ్రుతి తప్పుతుంది. కిరీటం బరువుకి మెడ బిగిస్తే పైస్థాయి అందదు. వేషం గొంతును ఎంతగా మారుస్తుందో తెర లేచాక తెలిస్తే లాభం లేదు.

పడక సీనులో అందరికంటే కష్టమైన పని కృష్ణుడిది. కళ్లు మూసుకుని పడుకుని ఉండాలి. దుర్యోధనుడు వచ్చి తలవైపు ఆసనం మీద కూర్చుంటాడు, అర్జునుడు కాళ్ల దగ్గర నిలబడతాడు. కృష్ణుడు అంతా వింటున్నాడని ప్రేక్షకుడికి తెలియాలి, వచ్చినవాళ్లకు తెలియకూడదు. పద్యం లేకుండా, కదలిక లేకుండా పాత్రను నిలబెట్టడమంటే ఇదే. పక్కవాడి మాట నిజంగా వింటే తప్ప ఆ ముఖంలో జీవం రాదు.

మన ఆధునిక నాటకానికి తొలి నటులు విద్యార్థులే. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. అది వకీళ్ల వ్యవహారాల మీద రాసిన వచన నాటకం. ఆ తర్వాత బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల వంటివారి చేతుల్లో పద్యం, పాట రంగస్థలం మీద స్థిరపడ్డాయి. టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో తన గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు నడిపిన నాటక బృందంలో వేషాలు కట్టారు. స్త్రీ పాత్రలూ ధరించారు. తర్వాత కోర్టుల్లోనూ సభల్లోనూ మోగిన ఆ గొంతు చిన్ననాడే రంగస్థలం మీద పలికింది.

ఇవాళ అమ్మాయిలు కృష్ణుడిగా, దుర్యోధనుడిగా నిలబడి పద్యం ఎత్తుకుంటున్నారు. ఎంతో సంతోషించవలసిన మార్పు ఇది. ఒక హార్మోనియం, తబలా, తెలిసిన మాస్టారు ఒకరు, కొన్ని వారాల సాధన ఉంటే ఏ కాలేజీ అయినా ఒక దృశ్యం వేయగలదు. పరీక్ష కోసం బట్టీ పట్టిన పద్యం ఫలితాలు వచ్చేసరికి మరుపున పడుతుంది. ఎదుటివాడి మాటకు జవాబుగా, పదిమందికీ అర్థమయ్యేలా పలికిన పద్యం మనిషికి సొంతమవుతుంది. ప్రతి కాలేజీ వార్షికోత్సవంలోనూ పద్య నాటకానికి ఒక్క గంట కేటాయించాలని అడగడానికి ఈ కారణం చాలు.