రోజూ తిరిగే ఎం.జి.బి.

ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లోని ఆబింగ్డన్ ఊళ్లో 1962 నుంచి 1980 దాకా ఎం.జి.బి. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తయారైంది. ఆఖరి కారు బయటికొచ్చి నలభై ఏళ్లు దాటినా, బ్రిటన్‌లో దాన్ని రోజువారీ పనులకు వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాన పడుతున్నా ఆఫీసుకి అందులోనే వెళ్తారు. తిరిగొచ్చేటప్పుడు కూరగాయల సంచి పక్క సీట్లో పడేసుకొస్తారు. అదే కారుకి దుప్పటి కప్పి షెడ్డులో దాచుకుని, ఎండ కాసిన ఆదివారం మాత్రం బయటికి తీసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల శ్రద్ధను నేను తక్కువ చెయ్యను. కానీ ఈ కార్లను బతికించే విద్య మాత్రం రోజూ తోలేవాళ్ల దగ్గరే ఉందని నా గట్టి నమ్మకం.

పాత స్పోర్ట్స్ కార్లన్నీ ఇలా తిరగలేవు. ఎం.జి.బి. తిరగగలగడానికి కారణం, దాని లోపలి సామాను చాలావరకు మామూలు కుటుంబాలు వాడిన కార్లదే కావడం. మన అంబాసిడర్ ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజను బి.ఎం.సి. కంపెనీ బి-సిరీస్‌ది. ఎం.జి.బి.లో ఉన్న 1798 సీసీ ఇంజనూ ఆ వంశమే. మొదట్లో వచ్చిన కార్లకి సుమారు 95 హార్స్‌పవర్ ఉండేది. కారు బరువు టన్నుకి లోపే కాబట్టి గంటకు 160 కిలోమీటర్లు దాటేది. అందులో అర్థంకాని యంత్రమేదీ లేదు. పుష్‌రాడ్లు, రాకర్లు, ఫీలర్ గేజ్‌తో సరిచేసే ట్యాపెట్లు, అంతే. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లు విప్పి బిగించిన పాతకాలపు మెకానిక్ ఎవరైనా దీని బానెట్ ఎత్తితే, స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని పని మొదలుపెట్టేస్తాడు.

ఈ కారు తోలే పద్ధతి తాళం తిప్పడంతోనే మొదలవుతుంది. స్టార్టర్ దాకా వెళ్లకుండా తాళాన్ని మొదటి మెట్టులో ఆపితే, వెనక కుడి చక్రం వైపు నుంచి టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది. అది కరెంటుతో నడిచే పెట్రోలు పంపు. కార్బరేటర్ల గిన్నెలు నిండగానే చప్పుడు ఆగిపోవాలి. ఆగకపోతే ట్యాంకులో పెట్రోలన్నా లేదు, ఎక్కడో కారుతూ అన్నా ఉంది. చప్పుడు ఆగాక చోక్ పూర్తిగా లాగి, ఎక్సలేటర్ తొక్కకుండా స్టార్ట్ చెయ్యాలి. ఇంజను అందుకోగానే చోక్‌ని సగానికి నెట్టి, కాస్త కుదురుకోగానే పూర్తిగా లోపలికి నెట్టెయ్యాలి. చోక్ అలాగే వదిలేస్తే ఎక్కువైన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగులు త్వరగా అరుగుతాయి. నిలబెట్టి వేడెక్కించడం కూడా మంచిది కాదు. మెల్లగా బయల్దేరి, ఆయిల్ వేడెక్కేదాకా ఇంజనుని గట్టిగా తిప్పకుండా తోలాలి.

దీని కార్బరేటర్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తోలేవాడి పనితనం తెలిసేది అక్కడే. ఎస్.యు. కార్బరేటర్లు రెండుంటాయి. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో స్కిన్నర్ సోదరులు తయారుచేసిన నమూనా ఇది. ఇంజను గాలి పీల్చుకున్నకొద్దీ లోపలి పిస్టన్ పైకి లేస్తుంది. దాని అడుగున మొన సన్నగా దిగే సూది ఒకటి జెట్‌లో వేలాడుతుంటుంది. పిస్టన్ లేచిన మేరకు సూది పైకొచ్చి, పెట్రోలు దారి వెడల్పవుతుంది. ఎంత గాలికి ఎంత పెట్రోలు అన్న లెక్కంతా ఆ సూది వాలులోనే ఉంది. కంప్యూటర్ లేని రోజుల్లో ఇంత తేలికైన ఉపాయంతో ఇంత కచ్చితమైన పని చేయించిన వాళ్లకి నేను చేతులెత్తి మొక్కుతాను.

పిస్టన్ నెత్తిన చిన్న గొట్టంలో పలచటి ఆయిల్ పోస్తారు. హఠాత్తుగా ఎక్సలేటర్ తొక్కినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా ఆ ఆయిల్ ఆపుతుంది, దాంతో ఆ క్షణంలో ఇంజనుకి కాస్త చిక్కటి మిశ్రమం అందుతుంది. ఆ ఆయిల్ తగ్గితే, తొక్కగానే కారు ఒక్క క్షణం తడబడుతుంది. షెడ్డులో నిలబెట్టిన కారుకి ఈ తడబాటు ఎన్నాళ్లున్నా ఎవరికీ తెలియదు. రోజూ తోలేవాడు మొదటి సిగ్నల్ దగ్గరే కనిపెట్టి, ఇంటికెళ్లగానే పైనున్న నల్లటి మూత విప్పి నాలుగు చుక్కలు పోస్తాడు.

ట్యూనింగ్ చెయ్యడానికీ పెద్ద సాధనాలు అక్కర్లేదు. ముందు రెండు కార్బరేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో చూడాలి. సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఒక్కో కార్బరేటర్ నోటి దగ్గర పెడితే బుస వినిపిస్తుంది. రెండు బుసలూ ఒకే స్థాయిలో వచ్చేదాకా స్క్రూలు సవరించాలి. తరవాత పక్కనున్న చిన్న పిన్నుని వేలితో నెమ్మదిగా పైకి నెట్టి, పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు లోపు లేపాలి. ఇంజను వేగం పెరిగి అక్కడే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇంజను ఆగిపోబోతే తక్కువైనట్టు. వేగం క్షణంపాటు పెరిగి మళ్లీ మామూలుకి దిగితే సరిపోయినట్టు. తేడా ఉంటే అడుగున ఉన్న నట్టుని ఒక్కో పలక చొప్పున తిప్పి మళ్లీ వినాలి. పుస్తకంలో ఇది చదవడానికి రెండు నిమిషాలు చాలు. చెవికి అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది, ఆ అలవాటు కారు తిరుగుతుంటేనే వస్తుంది.

గేర్ల సంగతి. 1967 దాకా వచ్చిన కార్లలో మొదటి గేరుకి, గేర్ల వేగాలను కలిపే సింక్రో లేదు. కదులుతున్న కారుని మొదటి గేరులోకి దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, ఎక్సలేటర్ ఒక్క తొక్కు తొక్కి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. మన పాత లారీ డ్రైవర్లకి ఇది కొట్టినపిండి. బ్రేకులకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. ఏబీఎస్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. కాబట్టి ముందున్న బండికి ఎక్కువ ఎడం ఇవ్వాలి, మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి. ఈ కారు తోలేటప్పుడు కన్ను రోడ్డు మీద చాలా దూరం దాకా ఉండాలి.

ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్నులకి ఒక్కో వైపు మూడు గ్రీజు నిపిళ్లు ఉంటాయి. సుమారు 5 వేల కిలోమీటర్లకోసారి జాకీ మీద ఎత్తి, చక్రం మీద బరువు లేకుండా చూసి గ్రీజు కొట్టాలి. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి, దాని వెనక కొత్తది కనిపించేదాకా కొట్టడం ఆపకూడదు. ఈ ఒక్క పని మరిచినందుకే ఎన్నో కార్ల స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

తోడని బావి పూడుకుపోయినట్టే, తిరగని కారు లోపల్లోపల పాడవుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో కాలిపర్ల పిస్టన్లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. నిలవున్న పెట్రోలు జిగురులా మారి జెట్లను మూసేస్తుంది. ఆయిల్ సీళ్లు ఎండి బీటలిస్తాయి. వారానికోసారి షెడ్డులోనే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే ఇంకా నష్టం. ఇంజను పూర్తిగా వేడెక్కదు, లోపల ఏర్పడిన నీరు ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ ఉండిపోతుంది. అరగంటైనా రోడ్డు మీద తిరిగితేనే ఆ నీరు ఆవిరై పోతుంది.

రోజూ తిప్పడానికి అసలు శత్రువు తుప్పు. బ్రిటన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఎం.జి.బి.కి విడి ఛాసీ లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. అందులోనూ తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ దాని వెన్నెముక. అవి తుప్పు పడితే కారు నడుము దగ్గర వంగిపోతుంది. అందుకే చలికాలంలో తోలేవాళ్లు వారం వారం చక్రాల గూళ్లలోకి గొట్టంతో నీళ్లు కొట్టి ఉప్పు కడిగేస్తారు. తలుపుల అడుగు రంధ్రాల్లో మట్టి తీసేస్తారు, సిల్స్ లోపలికి మైనం కలిసిన ద్రావకం ఎక్కిస్తారు. అంతా చేసినా బాడీ దక్కకపోతే ఇంకో దారి ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి పాత అచ్చులతోనే ఎం.జి.బి. బాడీలు కొత్తగా తయారుచేస్తోంది. ఇంత అండ ఉన్న పాత కార్లు చాలా తక్కువ.

మార్పులు చెయ్యొచ్చా అని వాదించుకునేవాళ్లున్నారు. నా మటుకు నేను భద్రతకి పనికొచ్చే మార్పు ఏదైనా చెయ్యాలనే అంటాను. పాయింట్లు, కండెన్సర్ తీసేసి డిస్ట్రిబ్యూటర్ మూత కింద కనపడకుండా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవచ్చు. హెడ్‌లైట్లకి రిలేలు వేసుకోవచ్చు. మంచి సీటు బెల్టులు, కొత్త టైర్లు తప్పనిసరి. టైరు అరక్కపోయినా పాతబడితే మార్చెయ్యాలి. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకి 2018 నుంచి ఏటేటా ఎం.ఓ.టి. అనే ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా రోజూ తోలే కారుకి ఆ పరీక్ష చేయించడమే సబబు. గుద్దుకుంటే కాపాడే ఎయిర్‌బ్యాగులు ఇందులో లేవు, పొగను శుభ్రం చేసే కన్వర్టరూ లేదు. ఆ సంగతి తెలిసి, ఒప్పుకుని తోలాలి.

పెట్రోలు ఇంకో చిక్కు. సీసం కలిపిన పెట్రోలు బ్రిటన్‌లో 2000తో ఆగిపోయింది. అప్పటి నుంచి వాల్వు సీట్లని గట్టి లోహంతో మార్పించుకోవడం మామూలైంది. 2021లో ఇథనాల్ 10 శాతం కలిపిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి చిట్లుతున్నాయి. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేసుకోవాలి. మన దగ్గర ఇప్పుడు 20 శాతం కలుపుతున్నారు కాబట్టి అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్లూ వెంటనే చూసుకోవాల్సింది ఇదే.

మన చట్టం దారి వేరు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండికి వి.ఎ. అక్షరాలున్న ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. కానీ ఆ బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోలుకి మాత్రం తియ్యొచ్చు. బండిని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ దానివల్ల ఆ బండి చుట్టూ ఉన్న మెకానిక్, టింకరింగ్ మేస్త్రీ, గ్రీజు కొట్టే కుర్రాడు పని మరిచిపోతారన్నదే నా బాధ. మామూలు రిజిస్ట్రేషన్‌నే గడువు తీరేసరికి రెన్యూవల్ చేయించుకుంటూ తిప్పుకోగలిగితే అదే మేలు.

ఇలాంటి కారు కొనాలని ఉంటే ఇంజను చప్పుడుకి మురిసిపోకండి, ఇంజను ఎప్పుడైనా బాగవుతుంది. రంగు గీసుకుపోకుండా అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి సిల్స్ పొడవునా ఆనించి చూడండి. పట్టకుండా జారిపోయిన చోట ఇనుము లేదు, లప్పం ఉంది. తరవాత కారుని జాకీ మీద ఎత్తించి తలుపు తెరిచి వెయ్యండి. నేల మీద సాఫీగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తుంటే ఆ బేరం వదులుకోండి.