వాయినం, విరాళం, పొదుపు: స్త్రీల సంఘాలలో ఇచ్చిపుచ్చుకోవడం

ప్రవేశిక

తెలుగునాట స్త్రీల సంఘాలను గురించిన పరిశోధన ప్రధానంగా రెండు ప్రశ్నల చుట్టూ సాగింది. సంఘాన్ని ఎవరు స్థాపించారు? అది ఎవరికి ఏ మేలు చేసింది? ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ నడుమ ఏర్పడిన సంబంధం సభ్యురాలి జీవితాన్ని ఎలా మలచిందన్న ప్రశ్నకు అంత చోటు దక్కలేదు. ఈ వ్యాసం ఆ సంబంధాన్ని వాయినం, విరాళం, పొదుపు అనే మూడు రూపాలలో పరిశీలిస్తుంది.

పరిశీలనకు గిద్దలూరు ప్రాంతాన్ని నిలబడే చోటుగా ఎన్నుకోవడానికి కారణం ఉంది. స్త్రీ సమాజాల చరిత్రలో తరచుగా వినిపించే పేర్లు మచిలీపట్నం, కాకినాడ, గుంటూరు, బాపట్ల, మద్రాసు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉన్న గిద్దలూరు, మార్కాపురం మెట్టసీమ ఆ చరిత్రలో దాదాపు కనబడదు. ఇక్కడి ఊరూరా రాతపూర్వకమైన ఆధారాలతో ఎదురయ్యే స్త్రీల సంఘం పొదుపు సంఘమే. ఈ చివరి రూపం నుండి వెనుకకు చదివితే మొదటి రెండింటి స్వభావం మరింత తేటపడుతుందని నా ప్రతిపాదన.

వాయినం: సమానుల నడుమ దానం

శ్రావణమాసపు నోములలోనూ అట్లతద్దె నాడూ ఇచ్చే వాయినం స్త్రీల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి మనకున్న పాత నమూనాలలో ఒకటి. పసుపు కుంకుమలు, తాంబూలం, నానబెట్టిన శనగలు, రవికెగుడ్డ ఇందులోని వస్తువులు. వీటి వెల స్వల్పం. గమనించవలసింది ఇచ్చే పద్ధతిని. ఇచ్చే స్త్రీ ఇచ్చానని పలుకుతుంది, పుచ్చుకునే స్త్రీ పుచ్చుకున్నానని బదులిస్తుంది. పుచ్చుకున్న ఆమెను ఆ క్షణాన గౌరీదేవిగా భావిస్తారు. కాబట్టి ఇక్కడ గ్రహీత దాతకన్నా తక్కువది కాదు. పైగా నేటి గ్రహీత రేపు తన నోములో దాత అవుతుంది.

అయితే ఈ సమానత్వానికి గట్టి గిరి ఉంది. వాయినం అందుకునే అర్హత ముత్తైదువకే. భర్త మరణించిన నాటితో స్త్రీ ఈ వలయం వెలుపల పడుతుంది. ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ కూడా ఆమె పనికిరానిదవుతుంది. అంటే వాయినపు సోదరీత్వంలో సభ్యత్వం స్త్రీ అయినందువల్ల రాలేదు, సువాసిని అయినందువల్ల వచ్చింది. ఇది మనకే ప్రత్యేకమైన సంగతి కాదు. 1924లో మాంచెస్టరులో మొదలైన ఇన్నర్ వీల్ క్లబ్బులోనూ తొలినాళ్ల సభ్యత్వం రోటరీ సభ్యుల ఇంటి ఆడవారికే పరిమితం. ఆచారాలు వేరైనా, పురుషుడితో గల బంధుత్వమే ప్రవేశార్హత కావడం రెండింటికీ సమానం.

విరాళం: పై నుండి వచ్చే చేయి

వాయినం వెలివేసిన స్త్రీని అక్కున చేర్చుకోవడం ఆధునిక స్త్రీ సమాజం చేసిన గొప్ప పని. భండారు అచ్చమాంబ (1874–1905) ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని నెలకొల్పింది. గుంటూరులో ఉన్నవ దంపతులు స్థాపించిన శారదానికేతనం, మద్రాసులో దుర్గాబాయి 1937లో ప్రారంభించిన ఆంధ్ర మహిళా సభ ఈ బాటను విశాలం చేశాయి. బాల్యవివాహపు బాధితురాలికీ వితంతువుకూ అక్షరం, వృత్తి, ఆశ్రయం ఇక్కడ లభించాయి.

కానీ ఈ క్రమంలో గిరి చెరిగిన చోట మెట్టు లేచింది. విరాళమిచ్చే సభ్యురాలు ఒకరు, దానివల్ల మేలు పొందే స్త్రీ వేరొకరు. దాత పేరు నివేదికలకెక్కుతుంది. గ్రహీత ‘అనాథ’, ‘అభాగిని’ వంటి జాతివాచకంగా మిగులుతుంది. సంఘం వల్ల సభ్యురాలికి సభలో మాట్లాడడం, లెక్క చూడడం, పత్రికకు రాయడం అలవడ్డాయి. అంటే దానం చేయడమే ఆమెకు పౌరజీవితంలో శిక్షణ అయింది. గ్రహీతకు అదే స్థాయిలో ఆ శిక్షణ అందిందా అన్నది అడగవలసిన ప్రశ్న.

ఆనాటి సాహిత్యరూపాలు ఈ సంకటాన్ని పట్టి చూపుతాయి. అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ కథలో పేద ఇల్లాలి నైతిక నిబ్బరమే కథకు ప్రాణం. అయినా ఆ కుటుంబం గట్టెక్కేది యజమాని ఔదార్యంతో. పేదరాలి గుణం కథను నడిపితే, ధనవంతుడి దానం దాన్ని ముగిస్తుంది. దీనికి భిన్నంగా ‘గృహలక్ష్మి’లో కనుపర్తి వరలక్ష్మమ్మ రాసిన ‘శారద లేఖలు’ స్నేహితురాలిని సంబోధించే ఉత్తరాలు. బోధ ఉద్దేశమైనా, ఆ రూపం పాఠకురాలిని సమానురాలిగా కూర్చోబెట్టింది. బాపట్లలో స్త్రీ సంఘాన్ని నడిపిన రచయిత్రికి ఈ రూపం దొరకడం యాదృచ్ఛికమనిపించదు.

మెట్టును తగ్గించే ప్రయత్నం సంస్థలలోనూ జరగకపోలేదు. ఆంధ్ర మహిళా సభ తొలి కార్యక్రమాలలో బెనారసు మెట్రిక్యులేషన్‌కు స్త్రీలను తయారుచేయడం ముఖ్యమైనది. పరీక్ష నెగ్గిన స్త్రీ ఇక గ్రహీతగా ఉండిపోనక్కరలేదు. ఇక్కడ ఒక పోలిక ఉపకరిస్తుంది. 1913లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 22 మంది నల్లజాతి విద్యార్థినులు స్థాపించిన డెల్టా సిగ్మా థీటా అదే ఏడు స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో పాల్గొంది. తాము సేవ చేయదలచిన సమాజంలో తామూ భాగమైనందున, దానం వారికి హక్కుల పోరాటానికి చేరువగా నిలిచింది.

పొదుపు: దాతయే గ్రహీత

ఆ చేరువ తెలుగునాట 1992లో కనబడింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల నుండి సారా వ్యతిరేకోద్యమం పుట్టింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం అమలైంది. ఆ వెనువెంటనే రోజుకో రూపాయి పొదుపు ఉద్యమంగా పాకింది. సారా దుకాణానికి పోయే రూపాయి సంఘం పెట్టెకు మళ్లడమే దాని తొలి అర్థం. దరిమిలా డ్వాక్రా, వెలుగు పథకాల ద్వారా ఈ సంఘాలు గ్రామైక్య సంఘాలుగా, మండల సమాఖ్యలుగా అల్లుకున్నాయి.

పొదుపు సంఘంలో దాత, గ్రహీత ఒకరే. పది పదిహేనుమంది కూడబెట్టినది వంతులవారీగా వారికే అప్పుగా చేరుతుంది. వితంతువు ఇక్కడ సభ్యురాలే కాదు, నాయకురాలు కూడా కాగలదు. వాయినపు సమానత్వం, సమాజపు విశాలత ఒక్కచోట చేరినట్లు కనిపిస్తుంది. అయితే ఇందులో ఇచ్చేది సొమ్ము మాత్రమే కాదు, పూచీ కూడా. ఒకరి వాయిదా తప్పితే భారం అందరిదీ. అందువల్ల స్నేహమే జామీను అవుతుంది, ఇరుగుపొరుగే వసూలుదారు అవుతారు. వానను నమ్ముకున్న మెట్టసీమలో కరువు ఏడు కుటుంబం వలస పోతే, నెలసరి సమావేశానికి రాలేని స్త్రీయే సంఘానికి బరువుగా తోస్తుంది. వాయినం వితంతువును వెలివేసింది. పొదుపు నికరాదాయం లేని స్త్రీని, పేరు పెట్టకుండానే, అంచుకు నెట్టగలదు.

ఈ ఘర్షణ నమోదయ్యే చోటు సంఘం తీర్మానాల పుస్తకం. అందులోని వాక్యాలు కట్టుదిట్టమైన మూసలో ఉంటాయి. ప్రతి నిర్ణయమూ ‘ఏకగ్రీవం’. చాలాచోట్ల రాసేది లెక్కలు రాయడానికి నియమితమైన వ్యక్తి, సభ్యురాలిది సంతకమో వేలిముద్రో. కాబట్టి దానిని స్త్రీల స్వీయవాణి అని తొందరపడి అనరాదు. కానీ ఎవరి అప్పు వాయిదా పడింది, జరిమానా ఎవరికి మాఫీ అయింది, ఆసుపత్రి ఖర్చుకు వంతు ఎవరు వదులుకున్నారు అన్నవి ఆ మూసలో నుంచే తొంగిచూడగలవు. ఆ మాఫీలలోనే వాయినపు స్వభావం మిగిలి ఉంది.

ముగింపు

సంఘాలను అవి పంచినదానితో కొలిచే పద్ధతి చాలదు. పుచ్చుకున్న స్త్రీ తిరిగి ఇవ్వగలిగిందా, ఇవ్వలేనినాడు సభ్యురాలిగా నిలిచిందా అన్నవే గీటురాళ్లు కావాలి. ఈ గీటురాయి మీద వాయినం ఇవ్వగలిగినా వెలివేసింది, విరాళం ఆదరించినా గ్రహీతగానే నిలిపింది, పొదుపు రెండింటినీ సరిదిద్ది కొత్త షరతు విధించింది. ఆ షరతు కింద స్త్రీలు పరస్పరం చూపుకున్న కాఠిన్యానికీ ఔదార్యానికీ సాక్ష్యం గిద్దలూరు వంటి చోట్ల పాత రిజిస్టర్లలో ఉంది. లెక్కలు మొబైలు యాప్‌లలోకి మారుతున్నందున ఆ పుస్తకాలు చిత్తుకాగితాలలో కలిసే ప్రమాదముంది. సభ్యుల అనుమతితో, వారి పేర్లను గోప్యంగా ఉంచుతూ వాటిని సేకరించి చదవడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. స్త్రీల రచనా చరిత్రలో మెట్టసీమకు చోటు అక్కడి నుండే మొదలుకాగలదు.